చేతిలోని యంత్రము, చేతికి రావలసిన హునరు

యంత్రాన్ని వాడడం వేరు, యంత్రాన్ని ఎరగడం వేరు. మొదటిది డబ్బుతో వస్తుంది, రెండవది సాధనతో వస్తుంది. ఈ రెంటి మధ్య దూరం నేటి విద్యార్థి జీవితంలో నానాటికీ పెరుగుతున్నదని మా అభిప్రాయం. ఆ దూరాన్ని తగ్గించడానికి మన కళాశాల ఏమి చేయవచ్చునో చెప్పదలచి, మేము ఒక చిన్న వస్తువును ఉదాహరణగా తీసుకున్నాము. అది చేతిలో పట్టుకొని ఆడుకొనే గేమ్ యంత్రం. అందులోని నిల్వ డ్రైవును తీసి, అంతకంటె పెద్దదాన్ని అమర్చుకోవడం మా చర్చనీయాంశం. కళాశాల వార్షిక సంచికలో ఆటవస్తువు ప్రస్తావన ఏమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. చివరి వరకు చదివి, ఆ తరువాతనే తీర్పు చెప్పవలసిందిగా వారిని వినయపూర్వకంగా కోరుతున్నాము.

ముందుగా ఈ వస్తువు స్వరూపం తెలియాలి. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. ఒక పూర్తి కంప్యూటరును రెండు చేతుల మధ్య పట్టేటట్లు కుదించి, ఇరువైపులా మీటలు బిగించిన వస్తువు అది. 2023లో ఆసుస్ వారి ఆర్.ఓ.జి. అలై, లెనోవో వారి లీజియన్ గో అదే బాటలో వచ్చాయి. ఆర్.ఓ.జి. అలై 2023 జూలైలో మన దేశపు విపణిలో 69,990 రూపాయల ధరతో ప్రవేశించింది. స్టీమ్ డెక్ విడుదలైనప్పుడు మాత్రం దాన్ని నేరుగా అమ్మిన దేశాల జాబితాలో భారతదేశం లేదు. అందువల్ల మన ప్రాంతంలో కనబడే స్టీమ్ డెక్‌లు ఎక్కువగా అమెరికానుండో, గల్ఫునుండో వచ్చే బంధువుల పెట్టెలలో వచ్చినవి, లేదా దిగుమతి వర్తకుల వద్ద కొన్నవి. ఇట్లా వచ్చిన యంత్రం చెడితే తయారుదారు సేవాకేంద్రం సముద్రాల ఆవల ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగిలిన వాదమంతా సులభంగా బోధపడుతుంది.

స్టీమ్ డెక్ మొదట మూడు రకాలుగా వచ్చింది. 64 గిగాబైట్ల నిల్వ ఉన్నదానికి 399 డాలర్లు, 256 గిగాబైట్లదానికి 529, 512 గిగాబైట్లదానికి 649 డాలర్లు ధర నిర్ణయించారు. ఆట ఆడించే ప్రధాన చిప్పు మూడింటిలోనూ ఒకటే. ఖరీదైనదానికి కాంతి ప్రతిఫలించని అద్దం వంటి హంగులు కొన్ని ఉన్నా, ఆ 250 డాలర్ల తేడాకు ముఖ్య కారణం నిల్వస్థలమే. మరి ఆటల పరిమాణం చూడండి. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అనే ఆటకు 60 గిగాబైట్ల స్థలం కావాలి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే ఆటకు 150 గిగాబైట్లు కావాలి. యంత్రాన్ని నడిపే వ్యవస్థ తన వంతు స్థలం తీసుకున్న తరువాత, 64 గిగాబైట్ల యంత్రంలో మొదటి ఆటకే చోటు చాలదు. రెండవదాని మాట చెప్పనక్కరలేదు. అద్దె గదిలో ఇనుపపెట్టె పెట్టగానే మంచానికి చోటు లేని సంసారం వంటిది ఇది.

ఈ ఇరుకునుండి బయటపడడానికి మూడు దారులున్నాయి. మొదటిది, ఉన్న యంత్రం అమ్మి ఖరీదైనది కొనడం. ఇది ధనవంతుల దారి. రెండవది, మైక్రో ఎస్.డి. కార్డు పెట్టుకోవడం. ఇది సులభమైనది, చవకైనది. చాలామందికి ఇంతతో సరిపోతుందని చెప్పడానికి మేము సంకోచించము. కార్డు సెకనుకు 100 మెగాబైట్లకు అటూ ఇటూగా చదివితే, లోపలి డ్రైవు వేల మెగాబైట్లు చదవగలదు. అయినా ఆట తెరుచుకొనే వేళ కనబడే తేడా ఈ అంకెలంతగా ఉండదు. మూడవది, యంత్రాన్ని విప్పి లోపలి డ్రైవును మార్చుకోవడం. మా చర్చ ఈ మూడవ దారిని గురించి. ఎందుకంటే మనిషికి ఏదైనా నేర్పే దారి ఈ మూడింటిలో ఇదొక్కటే.

లోపల ఉండే ఆ డ్రైవు పరిమాణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు. ఈ కొలతలనుబట్టే దానికి 2230 అనే పేరు వచ్చింది. తపాలా బిళ్ళంత ఆ పలకపై లక్షల పుటల గ్రంథాలయం నిలుస్తుంది. దీనికి మూలమైన ఫ్లాష్ జ్ఞాపకాన్ని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు జపానుకు చెందిన ఫుజియో మసువోకా. తోషిబా సంస్థలో పనిచేస్తూ ఆయన 1980 దశకంలో చేసిన కృషి ఫలితమే నేడు మన ఫోనులో, పెన్‌డ్రైవులో, కంప్యూటరులో ఉన్న నిల్వ. తిరిగే చక్రం లేదు, కదిలే ముల్లు లేదు. విద్యుదావేశాన్ని సూక్ష్మమైన గదులలో బంధించి, కరెంటు పోయినా అది చెదరకుండా నిలబెట్టడం ఇందులోని రహస్యం. భౌతిక శాస్త్ర పాఠంలో మనం కంఠస్థం చేసే విద్యుదావేశం ఇక్కడ మన గోటిమీద నిలబడే వస్తువై దర్శనమిస్తుంది.

ఇక పని విధానం. మొదట యంత్రంలోని సమాచారానికి మరొక చోట నకలు తీసుకోవాలి; ఆటలో ఎక్కడివరకు వచ్చామన్న వివరం అన్ని ఆటలకూ సంస్థవారి దూరపు నిల్వలో భద్రంగా ఉండదు. తరువాత యంత్రపు ప్రాథమిక అమరికలలోకి వెళ్ళి బ్యాటరీని నిద్రావస్థలో ఉంచాలి. మైక్రో ఎస్.డి. కార్డును ముందే బయటికి తీయాలి. మరచి వెనుక మూత లాగితే కార్డు రెండు ముక్కలవుతుంది. స్టీమ్ డెక్ వెనుక మూతకు ఎనిమిది స్క్రూలుంటాయి. వాటిలో నాలుగు పొడవైనవి, నాలుగు పొట్టివి. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, దానిపైన వరుసగా పేర్చుకోవడం మంచి అలవాటు. 2023 నవంబరులో వచ్చిన ఓలెడ్ తెర నమూనాలో స్క్రూ తల నక్షత్రాకారంలో ఉంటుంది గనుక దానికి వేరే స్క్రూడ్రైవరు కావాలి. మూత తెరవగానే ఒక లోహపు కవచం కనబడుతుంది. దాన్ని విప్పిన వెంటనే, మరి దేనినీ ముట్టకముందే, బ్యాటరీ తీగను దాని గూటినుండి మెల్లగా వెనుకకు లాగాలి. ఆ తరువాతనే డ్రైవు స్క్రూ విప్పాలి. స్క్రూ ఊడగానే డ్రైవు ఒక అంచు తానే పైకి లేస్తుంది. దానికి తొడిగిన పలుచని లోహపు తొడుగును తీసి కొత్తదానికి తొడిగి, ఏటవాలుగా గూటిలోనికి నెట్టి, నెమ్మదిగా అదిమి బిగించాలి. విప్పిన క్రమానికి వ్యతిరేక క్రమంలో అన్నీ మూయాలి. చివరకు, వాల్వ్ సంస్థ ఉచితంగా ఇచ్చే పునరుద్ధరణ వ్యవస్థను 8 గిగాబైట్లకు తక్కువ కాని పెన్‌డ్రైవులో వ్రాసుకొని, దానినుండి యంత్రాన్ని మేల్కొలిపి కొత్త డ్రైవు మీద వ్యవస్థను స్థాపించాలి.

ఇందులో కండబలం లేదు, మంత్రం లేదు. ఉన్నదల్లా క్రమం, ఓర్పు. అయితే ప్రమాదాలు లేవని చెప్పడం అసత్యమవుతుంది. లోపలి లిథియం బ్యాటరీకి సూదిమొన తగిలితే నిప్పు అంటుకోవచ్చు. గనుక బ్యాటరీ దరిదాపులలో ఇనుప పరికరంతో పొడవరాదు. పొడి వాతావరణంలో మన శరీరంలో చేరే స్థిరవిద్యుత్తు చిప్పును నిశ్శబ్దంగా చంపగలదు. గనుక పనికి ముందు నేలకు అనుసంధానమైన లోహాన్ని తాకాలి. కొలత విషయంలో అత్యాశ తగదు. 2022లో కొందరు స్టీమ్ డెక్‌లో 42 మిల్లీమీటర్ల పొడవైన డ్రైవును ఇరికించే ఉపాయం కనిపెట్టినప్పుడు, ఆ యంత్ర రూపకర్తలలో ఒకరైన లారెన్స్ యాంగ్ బహిరంగంగా హెచ్చరించారు. పక్కనున్న చిప్పు వేడెక్కుతుందనీ, వేడిని లాగే మెత్తలను కదిలిస్తే యంత్రం ఆయుష్షు తగ్గుతుందనీ ఆయన చెప్పిన కారణం. లీజియన్ గోలో అదే పొడవైన డ్రైవు చక్కగా ఇముడుతుంది. ఎందుకంటే దాన్ని ఆ కొలతకే నిర్మించారు. ఏ యంత్రానికి ఏ కొలత అన్నది కొనకముందే తెలుసుకోవలసిన విషయం.

కొనేటప్పుడు మోసాలకూ కొరత లేదు. అసంభవమైన తక్కువ ధరకు రెండు టెరాబైట్ల డ్రైవు అని అమ్మే వస్తువులలో నకిలీలు ఉంటాయి. వాటి లోపలి నియంత్రిక కంప్యూటరుకు పెద్ద అంకె చెబుతుంది. ఉన్న చోటు మాత్రం కొద్దిపాటిది. చోటు నిండిన తరువాత కొత్త సమాచారం పాతదాని మీదనే పడి రెండూ నాశనమవుతాయి. కొన్న వెంటనే డ్రైవును ఆసాంతం నింపి, తిరిగి చదివి సరిచూడడం ఒక్కటే దీనికి పరీక్ష. పైగా 2025 చివరినుండి కృత్రిమ మేధ కేంద్రాలకు చిప్పుల గిరాకీ హెచ్చి జ్ఞాపక చిప్పుల ధరలు ప్రపంచమంతటా పెరిగాయి. ధర పెరిగిన కాలంలోనే నకిలీకి బలం వస్తుంది. కాబట్టి నాలుగు చోట్ల విచారించి, రసీదు తీసుకొని కొనడం శ్రేయస్కరం.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్నకు వద్దాము. విప్పితే వారంటీ పోదా? ఈ భయమే మన చేతులను కట్టివేస్తున్నది. స్టీమ్ డెక్ విషయంలో వాల్వ్ సంస్థ 2021 అక్టోబరులో తానే ఒక చలనచిత్రం విడుదల చేసింది. విప్పవద్దని మా సలహా, విప్పే హక్కు మాత్రం కొన్నవారిది అన్నది దాని సారాంశం. 2022లోనే ఐఫిక్సిట్ అనే సంస్థ ద్వారా విడిభాగాల అమ్మకం కూడా మొదలైంది. అన్ని సంస్థలూ ఇంత ఉదారంగా లేవు. అమెరికాలో 1975నాటి వారంటీ చట్టం ప్రకారం, తమ దుకాణంలోనే మరమ్మతు చేయించాలని, తమ విడిభాగాలే వాడాలని వారంటీకి షరతు పెట్టరాదు. 2018 ఏప్రిల్‌లో అక్కడి వాణిజ్య కమిషన్ ఆరు సంస్థలకు ఈ విషయమై హెచ్చరిక లేఖలు పంపింది. సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్, ఆసుస్ ఆ ఆరింటిలో ఉన్నాయి.

మన దేశం ఈ విషయంలో నిద్రపోతున్నదని అనుకోరాదు. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ పధ్నాలుగు కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను బయటి మెకానిక్కులకు అందకుండా చేయడం, బయట మరమ్మతు చేయిస్తే వారంటీ పోతుందని బెదిరించడం అందులోని ప్రధానారోపణలు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోనులు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు ఆ ప్రయత్నంలో తొలి నాలుగు రంగాలు. గేమ్ యంత్రం పేరు ఆ నాలుగింటిలో విడిగా లేదు. 2024లో మరొక సంఘం ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచిక ఎట్లా ఉండాలో పరిశీలించడం మొదలుపెట్టింది. ట్రాక్టరు కొన్న రైతుకూ, ఫోను కొన్న కూలికీ, గేమ్ యంత్రం కొన్న విద్యార్థికీ సమస్య ఒక్కటే: డబ్బు మనది, తాళంచెవి అమ్మినవానిది. మన రహదారి మీదనే, షామీర్‌పేటలో, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి విద్యార్థులను పిలిచి ఈ హక్కుపై ఒక ఉపన్యాసం ఏర్పాటు చేయడం మన కళాశాల సంఘానికి కష్టమైన పని కాదు.

ఇక మన ఊరి సంగతి. హకీంపేటకు షామీర్‌పేటకు నడుమ, రాజీవ్ రహదారిని ఆనుకొని ఉన్న తూంకుంట విద్యార్థికి కంప్యూటరు వస్తువు ఏది కావాలన్నా సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా బస్సెక్కి పోవలసిందే. పోయినవాడికి వస్తువు తెలిస్తే వర్తకుడు ఒక విధంగా మాట్లాడతాడు, తెలియకపోతే మరొక విధంగా మాట్లాడతాడు. మాలో ఒకరు ఒక దుకాణంలో డ్రైవు మార్పించడానికి పోగా, డ్రైవు ధరలో దాదాపు సగం కూలి అడిగారు. ఆ దుకాణం పేరు ఇక్కడ అనవసరం. పని చేసినవాడు కూలి అడగడం న్యాయమే. పని విలువ మనకు తెలియకపోవడం మాత్రం మన లోపం.

హైదరాబాదు నగరానికి ఈ పనితనం కొత్త కాదు. పాతబస్తీలో గడియారం విప్పి భూతద్దంతో చూసే వృద్ధులు, కోఠీలో రేడియోలకు ప్రాణం పోసినవారు, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోను పలకపై వెంట్రుకవాసి తీగ అతికే యువకులు, వీరందరూ ఈ నగరపు ఉస్తాదులే. ఉర్దూలో హునర్ అనే మాట ఉన్నది. నేర్పు, కళ, వృత్తి అనే మూడర్థాలూ అందులో ఇమిడి ఉన్నాయి. తెలుగులో మనం పనివాడితనం అంటాము. మన కళాశాలలో ఈ రెండు భాషలూ పక్కపక్కన వినబడతాయి. ఆ రెండు మాటలూ కూడా పక్కపక్కన నిలవాలని మా కోరిక. పట్టా ఉన్నవాడు స్క్రూడ్రైవరు పట్టడం నామోషీ అనుకొనే సంస్కారం ఎక్కడినుండి వచ్చిందో గాని, అది మనకు మేలు చేయలేదు. కోటి విద్యలూ కూటి కొరకే అన్న పెద్దలు ఆ కోటిలో ఇది తక్కువ, అది ఎక్కువ అని చెప్పలేదు.

ఆటలు చదువును చెడగొడతాయి, వాటికి ఇంకా చోటు పెంచడమా అని ప్రశ్నించే పెద్దలున్నారు. వారి ఆందోళనను మేము తేలికగా కొట్టివేయము. రాత్రి రెండు గంటలవరకు తెర చూసి ఉదయం తరగతిలో తూగేవారు మాలో లేరని అనలేము. కాని డ్రైవు చిన్నదైనంత మాత్రాన ఆ వ్యసనం తగ్గదు. ఒక ఆట చెరిపి మరొక ఆట దించుకొంటూ డేటాను, కాలాన్ని మరింత వృథా చేయడమే జరుగుతుంది. అంతేకాదు, ఆడడం మాత్రమే తెలిసిన విద్యార్థి కంటె, ఆడే యంత్రాన్ని విప్పి లోపల ఏమున్నదో చూచిన విద్యార్థికి ప్రశ్నలెక్కువ పుడతాయి. ప్రశ్న పుట్టడమే కదా చదువుకు మొదలు.

గేమ్ యంత్రం ధనవంతుల బిడ్డల వస్తువు, దానితో పేద విద్యార్థికేమి పని అని మరొక ఆక్షేపణ. ఇది మరింత బలమైనది. మా సమాధానం ఇది. గేమ్ యంత్రంలో ఉన్న ఆ చిన్న డ్రైవు జాతికి చెందినదే నేటి ల్యాప్‌టాపులలోనూ ఉన్నది. అక్కడ ఎక్కువగా 80 మిల్లీమీటర్ల పొడవైనది ఉంటుంది, అంతే తేడా. గూడు అటువంటిదే, స్క్రూ అటువంటిదే, జాగ్రత్తలు అవే. తిరిగే చక్రపు హార్డ్ డిస్కుతో మూలుగుతున్న పాత కంప్యూటరుకు ఫ్లాష్ డ్రైవు అమర్చితే, అది ఎన్నో ఏళ్ళు చిన్నదైనట్లు పరుగెత్తుతుంది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలు మద్దతు ముగించింది. కొత్త వ్యవస్థకు పనికిరావన్న కారణంతో బాగున్న కంప్యూటర్లను సైతం మూలకు నెడుతున్న రోజులివి. వాటికి కొత్త డ్రైవు, ఉచితంగా లభించే లినక్సు వ్యవస్థ అమర్చితే పాఠాలకు, వ్యాసరచనకు, ఉర్దూ, తెలుగు అక్షర కూర్పుకు నిక్షేపంగా ఉపయోగపడతాయి. విశేషమేమంటే స్టీమ్ డెక్‌ను నడిపే వ్యవస్థ కూడా లినక్సు మీదనే నిర్మితమైనది. ధనవంతుని బొమ్మ మీద నేర్చిన పని పేదవాని బల్లమీది కంప్యూటరును బ్రతికిస్తుంది. ఇంట్లో ఒకే కంప్యూటరు మీద ముగ్గురు తోబుట్టువులు చదువుకొనే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఆ ఒక్కటీ ఆగిపోతే ఆ ముగ్గురి చదువూ ఆగుతుంది. అటువంటి ఇంటికి కొత్తది కొనే స్తోమత ఉండదు, బాగుచేసే చేయి ఒకటి కావాలి.

కావున కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపాలు ఇవి. మొదటిది, వారానికొక మధ్యాహ్నం ప్రయోగశాలలో ఒక బల్లను మరమ్మతు బల్లగా కేటాయించాలి. ఒక మంచి స్క్రూడ్రైవర్ల పెట్టె, స్థిరవిద్యుత్తును నేలకు పంపే మణికట్టు పట్టీ, ప్లాస్టిక్ గరిటెలు, నాలుగు పెన్‌డ్రైవులు, ఒక అగ్నిమాపక సాధనం దీనికి చాలు. రెండవది, నగరంలోని అనుభవజ్ఞులైన మెకానిక్కులను ఉస్తాదులుగా ఆహ్వానించి, వేదికమీద అతిథికిచ్చే గౌరవమే వారికీ ఇవ్వాలి. మూడవది, ఈ బల్ల వద్దకు విద్యార్థినులు కూడా సమానంగా రావాలి. పరికరాలు పట్టే పని మగవారిదన్న భ్రమ ఇక్కడనే పోవాలి. నాలుగవది, 2023 ఏప్రిల్‌నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల స్ఫూర్తితో, తీసివేసిన పాత భాగాలను వేరుగా సేకరించే పెట్టె ఒకటి ఉంచి, అనుమతి పొందిన సేకర్తలకు అప్పగించాలి. ఉబ్బిన బ్యాటరీ చెత్తకుండీలోకి, అక్కడినుండి చెత్త ఏరుకొనే నిరుపేద చేతిలోకి పోవడం మన చదువుకు తలవంపు.

సోదర సోదరీ విద్యార్థులకు కూడా ఒక మాట. పాత డ్రైవును అమ్మే ముందు మీ ఖాతాల వివరాలను పూర్తిగా చెరపండి. పని కొస్తే దాన్ని ఒక చిన్న యు.ఎస్.బి. పెట్టెలో అమర్చి పాఠాలు దాచుకోండి. మొదటిసారి ఒంటరిగా విప్పకండి. పని తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు నేర్చిన తరువాత మరొకరి పక్కన కూర్చోండి. ఉస్తాదు ఒకరికి నేర్పితే ఆ ఒకరు పదిమందికి నేర్పడం ఈ నగరపు ఆచారం.

వచ్చే విద్యాసంవత్సరం ప్రయోగశాలలో ఆ బల్ల పడుతుందని, దానిమీద మొదట విప్పబడేది మూలనున్న కళాశాల కంప్యూటరే కాగలదని ఆశిస్తున్నాము. ఆ పనికి మా వంతు కాలాన్ని, శ్రమను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని సంఘం పెద్దలకు ఈ పుటల ద్వారా తెలియజేస్తున్నాము.